బల్లకు దూరంగా అత్తమ్మ

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఒక అమ్మాయి నా చేతిలో కరపత్రం పెట్టింది. కంప్యూటర్ కోర్సుదో, లేడీస్ హాస్టల్‌దో అనుకున్నాను. అక్కడ పంచేవన్నీ అవే కదా. కళ్లజోడు పెట్టుకుని చూస్తే 'సత్యం ఒక్కటే' అని పెద్ద అక్షరాలు, కింద శిలువ బొమ్మ. ఒక్కసారి చదవండి ఆంటీ అని ఆ పిల్ల నవ్వింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. సత్యం ఒక్కటేనని నాకు చిన్నప్పుడే చెప్పారు. ఆ ఒక్కదాన్ని ముగ్గురు మగవాళ్లు ముందుగదిలో కూర్చుని ఎవరికెంత అని ఎలా పంచేవారో కూడా నేను చూశాను. ఆ ముందుగది ఉన్న చోటు ఆ మెట్లకు కొన్ని సందుల అవతలే. ఇప్పుడక్కడ కోచింగ్ సెంటరు నడుస్తోంది.

అప్పటి అమీర్‌పేట వేరు. పెంకుటిళ్లు, జామచెట్లు, మధ్యమధ్య ఖాళీ జాగాల్లో బర్రెలు. పంజాగుట్ట వైపు నడిస్తే రోడ్డు పక్కన బండరాళ్లు, వాటి మీద ఆరేసిన బట్టలు. సాయంత్రమైతే ఇరానీ హోటల్ నుంచి చాయ్ మరిగే వాసన మా సందు దాకా వచ్చేది. బేగంపేటలో దిగే విమానాలు మా ఇళ్ల మీదుగా ఎంత కిందుగా పోయేవంటే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. మా సంఘంలో పెద్దాయన ప్రార్థన చేస్తుండగా విమానం వస్తే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, మాట మధ్యలో ఆపేసి, మోత పోయాక సరిగ్గా ఆ మాట దగ్గరే అందుకునేవాడు. దేవుడు కూడా అంతసేపూ చెవి అలాగే పెట్టుకుని ఉంటాడని నా నమ్మకం.

సంఘమంటే గంట, గోపురం ఉన్న గుడి కాదు. పెద్దాయన ఇంటి ముందుగది. ఆయనది గుంటూరు వైపు, గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మగవాళ్లకొక చాప, ఆడవాళ్లకొక చాప, మా తలల మీద ముసుగులు. మధ్యలో చిన్న బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, గ్లాసులో ద్రాక్షరసం. ప్రతి ఆదివారం ఆ రొట్టె విరిచి చాపల వెంట పంపేవారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లే తినాలి. ఎవరైనా తప్పు చేస్తే వాళ్లను 'బల్ల నుంచి ఆపడం' అనే పద్ధతి ఉండేది. ఆపినవాళ్లు వచ్చి వెనక కూర్చోవచ్చు, పాడవచ్చు, రొట్టె మాత్రం వాళ్ల తల మీదుగా పక్కవాళ్లకు పోతుంది. అందరి ముందూ నిలబడి తప్పు చేశానని చెబితే మళ్లీ చేర్చుకుంటారు. ఇవన్నీ తేల్చే పెద్దలు ముగ్గురు: పెద్దాయన, ఒక బడి మాస్టరు, మా నాన్న.

నాన్న సనత్‌నగర్‌లో ఒక కంపెనీలో ఫిట్టరు. ఊళ్లో వ్యవసాయం వదిలి పట్నం వచ్చాక ఆయనా, ఆయన అక్కా ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అక్కే మా అత్తమ్మ. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే తమ్ముడింటికి వచ్చి ఉండిపోయింది. ఆమెకు చదువు లేదు. బైబిలు చదవడం కోసమే పెద్దయ్యాక నా పలక మీద అక్షరాలు దిద్దుకుంది. పొద్దున్నే గడప మీద కూర్చుని, వేలు కింద పెట్టుకుని, ఒక్కో మాటనూ బియ్యంలో రాళ్లేరినట్టు చదివేది. ఒక్కోసారి చదువుతూ తనలో తనే నవ్వేది. ఏమైందత్తమ్మా అంటే, మస్తు మంచిగ చెప్పిండే దేవుడు అనేది తప్ప ఏం చెప్పాడో చెప్పేది కాదు.

బల్ల కోసం రొట్టె చేసేది ఆమే. శనివారం మధ్యాహ్నం తలంటుకుని, మైదాపిండి కలిపి, పెనం మీద సన్నని సెగన కాల్చేది. ఆ వాసనకు ఇల్లంతా మెత్తబడేది. పక్క పొయ్యి మీద నల్ల ద్రాక్ష ఉడికేది. గింజలు వడకట్టాక ఆ గుడ్డను నేనూ తమ్ముడూ దొంగతనంగా పిండుకుని నాకేవాళ్లం. నాలుకలు ఊదారంగుకు తిరిగి దొరికిపోయేవాళ్లం. అత్తమ్మ తిట్టేది కాదు, నోళ్లు కడుక్కోండ్రి, మీ నాయన చూస్తడు అనేది.

మేము పెరట్లో బిస్కెట్లతో బల్ల ఆట ఆడుకునేవాళ్లం. పక్కింటి టైలరు కూతురు ఆటలోకి వచ్చేది. వాళ్లు నేతపని చేసే ఊరి నుంచి వచ్చినవాళ్లు, టైలరు పంజాగుట్టలో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. నాన్న గొంతు పెట్టి, నువ్వు ఆగు, నీది తప్పు అని నేను ఆ పిల్లను ఆపేదాన్ని. బిస్కెట్టు తన ముక్కు ముందు నుంచి పోతుంటే ఆ పిల్ల బుగ్గలు ఉబ్బించుకుని కూర్చునేది. ఆటలో అసలు మజా అదే. బిస్కెట్టు తినడంలో ఏముంది, పక్కనున్నవాళ్లకు లేనప్పుడే గదా దానికి రుచి.

క్రిస్మస్‌కు మేము పక్కింటికి పళ్లెం నిండా గరిజెలు పంపేవాళ్లం. వాళ్లు ఎవరి పేరు మీద చేశారని అడక్కుండా ఇంటిల్లిపాదీ తినేవారు. బోనాలకు వాళ్లింటి నుంచి యాట కూర, గారెలు వచ్చేవి. అమ్మ గుమ్మం దగ్గర నవ్వుతూ అందుకుని, లోపలికి తెచ్చి, వెనక తలుపు తీసి కుక్కలకు వేసేది. విగ్రహానికి పెట్టింది తినకూడదు. తర్వాత పళ్లెం బూడిదతో తోమి, ఉత్తది ఇవ్వకూడదని ఇంత చక్కెర పోసి పంపేది. సంఘంలో అందరిళ్లలోనూ ఇదే తీరు. ఆ కూర వాసనకు నా నోట్లో నీళ్లూరేవి. కుక్కల మీద నాకు అసూయగా ఉండేది.

ఒక ఏడు ఆ పారబోయడం టైలరు భార్య కంటబడింది. మరుసటి బోనాలకు పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది గానీ అమ్మ చేతికి ఇవ్వలేదు. నేరుగా గడప మీదున్న అత్తమ్మ ముందు కూర్చుంది. వాళ్లిద్దరికీ స్నేహం ఉండేది. మధ్యాహ్నాలు కలిసి బియ్యం చెరుగుకునేవారు, అత్తమ్మ రవికలన్నీ టైలరు భార్యే కుట్టేది.

"అక్కా, ఇది అమ్మవారికి కోసిన యాటనే. పోయినేడు ఇచ్చింది కుక్కలు తిన్నయి, నేను చూసిన. ఈసారి నా ముందల తిను. తినవంటె చెప్పు, పట్టుకపోత" అంది.

అత్తమ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ముసుగు లాక్కుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. తర్వాత తిన్నది. ఎముక కూడా వదలకుండా చీకింది. ఉప్పు జర తక్కువైంది అంటే టైలరు భార్య నవ్వింది. ఇద్దరూ నవ్వారు.

అది అక్కడితో ఆగిపోయేది. అమ్మ నాన్నకు చెప్పలేదు. కానీ మా సంఘంలో ఆదివారం నాడు ఎవరైనా లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. దాన్ని సాక్ష్యం అంటారు. జ్వరం తగ్గిందనీ, ఉద్యోగం దొరికిందనీ చెబుతారు. ఆ ఆదివారం అత్తమ్మ లేచి, పక్కింటామెకు తమ వల్ల మనసు విరిగితే, ఆమె ఇంటి కూర తిని మళ్లీ కలుపుకున్నాననీ, ఎదుట పెట్టింది అడగకుండా తినమని అపొస్తలుడు రాసిన మాట తనకు ధైర్యమిచ్చిందనీ, దేవునికి స్తోత్రమనీ చెప్పింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. మంచివార్త తెచ్చాననే అనుకుంది. పిచ్చిది, స్తోత్రం అని ఎవరైనా అంటారేమోనని కాసేపు నిలబడే ఉంది. ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం ముగ్గురు పెద్దలూ మా ఇంటికి వచ్చారు. నాన్న కూడా వాళ్లతోపాటు కుర్చీలోనే కూర్చున్నాడు. అత్తమ్మ కింద. అమ్మా నేనూ తలుపు తెర వెనక. బడి మాస్టరు బైబిలు తీసి వివరించాడు. అడగకుండా తినమన్న మాట నిజమే. కటికవాడి అంగట్లో అమ్మేదేదైనా తినవచ్చనీ అక్కడే ఉంది. కానీ ఇది బలి ఇచ్చిందని ఎవరైనా చెబితే మాత్రం తినవద్దని దాని కిందే ఉంది. కాబట్టి తేలాల్సింది ఒక్కటే, ఆమె చెప్పి పెట్టిందా, చెప్పకుండా పెట్టిందా. పెద్దాయన గోడ మీదుగా టైలరు భార్యను పిలిపించాడు.

ఆమె చేతులకు దారప్పోగులతోనే వచ్చింది. కుర్చీల్లో మగవాళ్లను, నేల మీద దొంగలా కూర్చున్న అత్తమ్మను చూసింది.

"చూడమ్మా, మీరేమీ భయపడకండి" అన్నాడు పెద్దాయన. "మీరు పెట్టిన మాంసం అమ్మవారికి బలిచ్చిందా, కాదా? అదొక్కటే మాకు కావాలి."

ఆమెకు మా వచనాలు తెలియవు. అయినా ఏ జవాబుకు అత్తమ్మ బతుకుతుందో ఆ ముఖాలు చూసి పసిగట్టింది. "కాదు సార్. అమ్మకు కోసింది మా చుట్టాలకే సరిపోయింది. అక్కకు పెట్టింది కటిక దుకాణంల కొన్నది" అంది. ఏటా తలంటుకుని, ఉపవాసముండి, నెత్తిన బోనమెత్తుకుని ఎండలో నడిచే మనిషి ఆమె. అమ్మవారి పేరు మీద అబద్ధమాడటానికి ఆమెకెంత ధైర్యం కావాల్సి వచ్చిందో ఆ కుర్చీల్లో ఒక్కరికీ తట్టలేదు.

మాస్టరు వేలు మళ్లీ పై వచనం మీదికి పోయింది. కటికవాడి అంగడిలోదైతే ఏ ఇబ్బందీ లేదు. నాన్న గట్టిగా ఊపిరి వదలడం నాకు తెర వెనక నుంచి కనిపించింది. అప్పుడే విమానం వచ్చింది. గిన్నెలు కదిలాయి. పెద్దాయన అలవాటుగా చెయ్యి ఎత్తాడు. అందరూ ఆగారు. ఆ మోత ఉన్నంతసేపూ అమ్మ నా చెయ్యి నలిపేస్తూ, ఊకో, ఊకో అని పెదవులతోనే అంటోంది, నాతో కాదు, అత్తమ్మతో. అత్తమ్మ ఏమీ చేయనక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

మోత పోయింది. "ఆమె నా కోసం చెప్తుంది" అంది అత్తమ్మ. "అమ్మకు కోసిందని చెప్పే పెట్టింది. నేను తెలిసే తిన్న."

టైలరు భార్య ముఖం నేను మరిచిపోలేదు. చెంప మీద కొడితే కూడా అట్లా కాదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ వారమే వాళ్ల పిల్లకు జ్వరం వచ్చి పదిహేను రోజులు తగ్గలేదు. అబద్ధమాడినందుకు అమ్మవారికి కోపమొచ్చిందని ఆమె అర్థం చేసుకుంది. అర్థాలు చెప్పడం మా పెద్దల సొత్తే కాదు మరి. గోడ మీద నుంచి అమ్మతో అంది, నీ ఆడబిడ్డకు నాకంటె ఆమె నిజమే ముద్దయిందని. మళ్లీ అత్తమ్మతో మాట్లాడలేదు. ఆ మాటలో న్యాయం లేదని నేను అనలేను.

ఆమె వెళ్లాక పెద్దాయన, అయితే తప్పని ఒప్పుకో సహోదరీ, వచ్చే ఆదివారం చెప్పేస్తే సరిపోతుంది అన్నాడు. అత్తమ్మ ఎదురు అడిగింది: తినొద్దన్నది ఎందుకు, ఆ చెప్పినామె మనసు చెడొద్దనే గదా? నేను తినకపోతేనే ఆమె మనసు చెడేది. ఆమె కోసం వద్దన్నది, ఆమె కోసమే తిన్న. మాస్టరు పేజీ వైపు చూశాడు. ఆ అర్థం అక్కడ లేదని ఆయన చెప్పలేకపోయాడు, ఉందని చెప్పే ధైర్యమూ చేయలేదు. పెద్దాయన బైబిలు మూయించి, వాక్యానికి అర్థం చెప్పే పని ఆడవాళ్లకు దేవుడు ఇవ్వలేదు అన్నాడు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు.

"అక్కా, ఒక్కమాటే గద" అన్నాడు నాన్న.

"తిన్న అంటె ఒప్పుకుంట. తప్పు చేసిన అంటె అది అబద్ధమైతది. అబద్ధం సుత ఒక్కమాటే ఉంటది తమ్మీ."

ఆ తర్వాతి ఆదివారం ఆమెను బల్ల నుంచి ఆపారు. ఆ సంగతి సంఘానికి ప్రకటించే పని పెద్దాయన నాన్నకే అప్పగించాడు. సొంత మనిషని పక్షపాతం చూపలేదని అందరికీ తెలియాలట. నాన్న గొంతు వణకలేదు. అందుకు తర్వాత చాలామంది ఆయన చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారు.

ఇక అత్తమ్మ చోటు వెనక గోడ పక్కన, చెప్పులు విడిచే చోటు. అయినా ఒక్క ఆదివారం మానలేదు. మైదాపిండి అమ్మ చేతికి వచ్చింది. అమ్మ కాల్చిన రొట్టె మాడేది, గట్టిగా ఉండేది. ఇట్ల తిప్పు అని చెప్పడానికి కూడా అత్తమ్మ వంటింట్లోకి వచ్చేది కాదు, శనివారం మధ్యాహ్నం వీధి గడప మీద కూర్చుని ఆ వాసన పీలుస్తూ ఉండేది. ఆదివారం రొట్టె పళ్లెం ఆమె తల మీదుగా పోతున్నప్పుడు తల దించేది కాదు, పళ్లెం ఎటు పోతే అటు చూసేది. సంఘం ఆపిన మనిషితో కలిసి తినకూడదని ఇంకో చోట రాసి ఉందని పెద్దాయన గుర్తు చేశాడు. దాంతో నాన్న ఇంట్లో కూడా ఆమెతో భోజనం మానేశాడు. ఆమె కంచం వరండాలోకి పోయింది. నేను నా కంచం పట్టుకుని వరండాలోకి పోతే నాన్న చెవి మెలిపెట్టి లోపలికి తెచ్చాడు. అత్తమ్మ అన్నం ముద్ద కలుపుతూ, పో బిడ్డా, మీ నాయన మాట విను అంది. నాన్న చెడ్డవాడు కాదు. ఆమెకు మందులు తెచ్చేవాడు, చలికాలం దుప్పటి కొన్నాడు. అక్కను నరకం నుంచి లాగుతున్నాననే అనుకున్నాడు. చెడ్డవాడైతే ఏదో ఒక రోజు విసుగొచ్చి వదిలేసేవాడు.

ఏళ్లు అట్లాగే గడిచాయి. నేను పెద్దమనిషినయ్యాను, బాప్తిస్మం తీసుకున్నాను, మొదటిసారి రొట్టె తిన్నాను. వెనక నుంచి అత్తమ్మ నన్నే చూస్తోందని తెలిసినా వెనక్కి తిరగలేదు. నోట్లో రొట్టె ఇసుకలా తగిలింది. ఇంటికొచ్చాక, ఎట్లుంది అని అడిగింది. మాడింది అన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వింది.

తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. తల మాత్రం ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉండేది. కళ్లలో తెలివి ఉంది. ఇక రేపో మాపో అని డాక్టరు అన్నాక, ఒక మధ్యాహ్నం పెద్దలు ముగ్గురూ తెల్లగుడ్డలో రొట్టె ముక్క చుట్టుకుని వచ్చారు. పెద్దాయన మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని, "సహోదరీ, ఆనాడు చేసింది తప్పని ఇప్పుడైనా ఒప్పుకుంటున్నావా?" అని అడిగాడు.

ఆమె తల కదిలింది. అది కదలని క్షణం లేదు. అయినా ముగ్గురూ వంగి ఆ తల వైపే చూశారు. బైబిలు పేజీని కూడా వాళ్లు అట్లాగే చూసేవారు. ఒప్పుకుంది అన్నాడు పెద్దాయన. మాస్టరు కళ్లు తుడుచుకున్నాడు. నాన్న ఏడుస్తూ తన చేత్తో రొట్టె ఆమె నోట్లో పెట్టాడు. ముగ్గురూ పాట పాడి వెళ్లారు.

మర్నాడు ఆమె పోయింది. అమ్మా నేనూ ఒళ్లు కడుగుతుంటే టైలరు భార్య పిలవకుండానే వచ్చి, కొంగు దోపుకుని నీళ్లందించింది. ముఖం తుడుస్తూ అమ్మ నోరు తెరిచింది. ఎడమ బుగ్గలో రొట్టె ముక్క నానిపోయి, పెట్టింది పెట్టినట్టే ఉంది. ముగ్గురం చూశాం. అమ్మ దాన్ని వేలితో తీసి గుడ్డలో చుట్టింది. తలుపు అవతల నుంచి నాన్న అడిగాడు, మింగింది గదా అని.

"మింగింది" అంది అమ్మ. టైలరు భార్య అమ్మ వైపు చూసి, వంగి అత్తమ్మ పాదాలు కడగసాగింది.

సమాధి దగ్గర పెద్దాయన తప్పిపోయి దొరికిన గొర్రె గురించి చాలాసేపు చెప్పాడు. నాన్న ఆ తర్వాత ఏళ్ల తరబడి, మా అక్క చివరికి ఒప్పుకుని, బల్లలో పాలుపంచుకుని పోయిందని కలిసిన ప్రతివాడికీ చెప్పాడు. అంతగా చెప్పడం చూస్తే ఆయనకే నమ్మకం లేదని నాకు అనిపించేది.

అమ్మ పోయింది. నాన్న మంచాన పడ్డాడు. ఒక రోజు గంజి తాగిస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. ఆనాడు నువ్వు సుత ఉన్నవు గద, మీ అమ్మ చెప్పింది నిజమేనా, ప్రభువు సాక్షిగ చెప్పు అన్నాడు. నిజం తప్ప ఇంకేదీ మాట్లాడొద్దని నాకు చెవి మెలిపెట్టి నేర్పినవాడు ఆయనే.

మింగలేదు నాన్నా అన్నాను.

ఆమె కావాలనే మింగలేదో, గొంతు పడిపోయి మింగలేకపోయిందో నాకు తెలియదు. ఆ మాటా చెప్పాను. కానీ ఆయన మొదటిదే విన్నాడు. అక్క తన చేతి రొట్టెను కాదందనీ, ఆ తలతో వద్దనే చెప్పిందనీ అర్థం చేసుకున్నాడు. కాదు, ఎవరికీ తెలియదు అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. గోడ వైపు తిరిగిపోయాడు. ఆ రోజు నుంచి నా చేతి గంజి తాగలేదు. చెంచా పెదవుల దాకా తీసుకెళితే నోరు బిగించి నా వైపే చూసేవాడు.